వార్తలు అక్కడివి, ఓటు ఇక్కడిది: సరిహద్దు తెలుగువాళ్లు టెన్షన్ తగ్గించుకుని పనిలో దిగడానికి ఒక మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ. ఒడిశాలోని ఈ ఊళ్లలో ఏ తెలుగింటికి రాత్రి ఏడింటికి వెళ్లినా టీవీలో హైదరాబాద్ చర్చో అమరావతి గొడవో నడుస్తూ ఉంటుంది. ఇంటాయన ఆంధ్రాలో ఏ మంత్రి ఎవరిని ఏమన్నాడో వరసగా చెప్పేస్తాడు. "మరి మన వార్డు కార్పొరేటర్ ఎవరు బాబాయ్?" అని అడిగితే మాత్రం వంటింటి వైపు తిరిగి పిన్నిని అడుగుతాడు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమయ్యే దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఆ రోజు నుంచి మన భాష అటు, మన ఆఫీసులు ఇటు. వార్తలు భాష వెంట వస్తాయి. రేషన్, రోడ్డు, బడి, పోలీసు స్టేషన్ మాత్రం భువనేశ్వర్ వెంట నడుస్తాయి. అందుకే మనకు రక్తం మరిగించే సంగతులన్నీ మనకు ఓటు లేని చోట జరుగుతాయి. ఓటు ఉన్న చోట సంగతులు ఏ తెలుగు ఛానల్‌లోనూ రావు. రోజూ కోపం వచ్చి, చేయడానికి ఏమీ లేకపోతే చివరికి మిగిలేది "ఈ దేశం బాగుపడదురా" అన్న నిట్టూర్పే.

చాలామంది దీనికి వార్తలు పూర్తిగా మానేస్తారు. రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2024లో పలు దేశాల్లో చేసిన సర్వేలో పదిమందిలో దాదాపు నలుగురు, అప్పుడప్పుడో తరచుగానో వార్తలను తప్పించుకుంటున్నామని చెప్పారు. నా ఉద్దేశంలో అది మందు కాదు. వార్తను మన చెయ్యి అందే చోటికి జరుపుకోవాలి. అది ఎలాగో కింద చెప్తున్నాను. వరసగా చేస్తేనే బాగుంటుంది, కానీ తుఫాను రోజుల్లో ఉంటే ముందు మూడో అడుగు చదవండి.

మొదటి అడుగు: ఒక వారం చిట్టా

పిల్లల పాత నోటుబుక్కులో ఖాళీ పేజీలు చాలు. రాత్రి పడుకునే ముందు ఆ రోజు బుర్రలో తిరుగుతున్న వార్తలు ఐదారు రాయండి. ప్రతిదాని పక్కన రెండు ముక్కలు: అది ఏ ఊరిది, అందులో నేను చేయగలిగింది ఏమైనా ఉందా.

వారం అయ్యాక వాటిని మూడు కుప్పలు చేయండి. చెయ్యి అందేవి: వీధి కాలువ, అంగన్‌వాడీ, బడిలో తెలుగు టీచరు, ఓటర్ల జాబితా. సగం అందేవి: వంశధార నీళ్లు, రైళ్లు, జిల్లా ఆసుపత్రిలో డాక్టర్ల ఖాళీలు. వీటికి ఎమ్మెల్యే, ఎంపీ, కలెక్టర్ దాకా పోవాలి, ఒక్కరితో అయ్యే పని కాదు. అందనివి: పక్క రాష్ట్రం రాజకీయం, ఎక్కడో యుద్ధం, సినిమావాళ్ల విడాకులు.

చాలా ఇళ్లలో మూడో కుప్పే కొండలా పెరుగుతుంది. పొరుగింటి పుల్లకూర రుచి మరి. దాన్ని పారేయమని నేను అనను. చుట్టాలు విశాఖలో ఉన్నారు, పిల్లాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, అక్కడి సంగతులు తెలియాలి. కానీ తెలుసుకోవడానికి రోజుకు ఒక్క బులెటిన్ సరిపోతుంది, నాలుగు గంటల డిబేట్ అక్కర్లేదు.

రెండో అడుగు: వేళ పెట్టుకోండి, ఒడియా పేజీ తెరవండి

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యలో న్యూస్ యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయండి. పడుకునే ముందు గంట సేపు ఏ వార్తా వద్దు. ఇంతకు మించి నియమాలు పెట్టుకుంటే ఎవరూ పాటించరు.

కష్టమంతా మూలం మార్చడంలో ఉంది. మన జిల్లా వార్తలు ఉండేది సమాజ, సంబాద్, ధరిత్రి లాంటి ఒడియా పేపర్ల జిల్లా పేజీల్లో. తెలుగు మీడియంలో చదివిన పెద్దవాళ్లకు ఒడియా మాట వచ్చు, అక్షరం రాదు. బడిలో ఒడియా చదివే పిల్లలకు అక్షరం వచ్చు, పేపరు ముఖం చూడరు. ఇద్దరినీ ఒక్క చోట కూర్చోబెట్టండి. పొద్దున కాఫీ దగ్గర మనవరాలు జిల్లా పేజీలో హెడ్డింగులు చదివితే, తాతయ్య అందులో ఏది మన వార్డుకు సంబంధించిందో చెప్తాడు. పది నిమిషాల పని. ఇంట్లో స్కూలు పిల్లలు లేకపోతే బరంపురం ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు పెట్టుకోండి. అక్షరం అక్కర్లేదు.

మూడో అడుగు: తుఫాను వార్తలకు వేరే పద్ధతి

మన వైపు అక్టోబరు వచ్చిందంటే ప్రతి ఛానల్‌లో ఎర్రటి బొమ్మ గిర్రున తిరుగుతుంది. యాంకర్ గొంతు ఒక రోజు ముందే తుఫాను స్థాయికి చేరుతుంది. "దూసుకొస్తోంది, ముంచుకొస్తోంది" అన్న మాటల్లో పనికొచ్చే సమాచారం ఒక్క ముక్క ఉండదు.

2013 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాయి. తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలు చూసినవాళ్లలో, పేలుడు చోట స్వయంగా ఉన్నవాళ్లలో కన్నా ఎక్కువ ఒత్తిడి లక్షణాలు కనిపించాయని అక్కడి పరిశోధకులు తేల్చారు. తుఫాను రోజుల్లో ఈ సంగతి గుర్తుంచుకోండి. పొద్దున్నుంచి టీవీ ముందు కూర్చున్న అమ్మమ్మకు బీపీ పెరగడం తప్ప గాలి ఒక్క కిలోమీటరు తగ్గదు.

బదులుగా వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. వాళ్ల హెచ్చరికలకు నాలుగు దశలుంటాయి. దాదాపు 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్, ఇక తీరం దాటడానికి 12 గంటల ముందు నుంచి, దాటాక లోపలి జిల్లాల్లో ఏమవుతుందో చెప్పే అంచనా. తుఫానుగా బలపడ్డాక మూడు గంటలకొక బులెటిన్ వస్తుంది. కాబట్టి మూడు గంటలకు ఒకసారి చూస్తే చాలావరకు సరిపోతుంది. ప్రతి దశకూ ఒక పని కట్టేయండి: అలర్ట్ రాగానే మందులు, టార్చి, ఆధార్ కాగితాలు ప్లాస్టిక్ సంచిలోకి, వార్నింగ్ రాగానే ఫోన్లు ఛార్జింగ్, ట్యాంకు నిండా నీళ్లు, పక్కింటి ఒంటరి ముసలామెను ఎవరు తీసుకెళ్తారో మాట్లాడుకోవడం. చేతికి పని దొరికితే బుర్రకు భయం తగ్గుతుంది.

ఇక్కడే ఆశ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీనికి లెక్క ఉంది. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో దాదాపు 10,000 మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ మన గోపాలపురం దగ్గరే తీరం దాటింది. బరంపురంలో చెట్లు, కరెంటు స్తంభాలు వరసగా పడుకున్నాయి. కానీ ఆ లోపే ఒడిశాలో పది లక్షల దగ్గర జనాన్ని తరలించారు, ప్రాణనష్టం పదుల్లో ఆగింది. ఆ 14 ఏళ్లలో సముద్రం మారలేదు. 1999 దెబ్బ తర్వాత రాష్ట్రంలో విపత్తుల సంస్థ పెట్టారు, తీరం పొడవునా షెల్టర్లు కట్టారు, ఊరూరా వాలంటీర్లకు శిక్షణ ఇచ్చారు. ఏ ఛానలూ ఆ కట్టడాన్ని లైవ్ ఇవ్వలేదు.

అలా అని అంతా అయిపోయిందనుకోకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. గాలి పోయిందని ఊపిరి పీల్చుకున్నాక వాన చంపింది. పర్లాకిమిడి నుంచి పైకి, కొండ ఊళ్లలో బంధువులున్నవాళ్లు తీరం దాటిన తర్వాతి రెండు రోజుల బులెటిన్లే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి.

నాలుగో అడుగు: ఫార్వర్డ్‌లకు రెండు ప్రశ్నలు

వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో వచ్చిందంటే అది ఇప్పటికే ఎన్నో చేతులు మారిన సందేశం. దాన్ని ఒకేసారి ఒక్క చాట్‌కే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో వాట్సాపే కట్టడి పెట్టింది. మిగతా దేశానికి "ఇది నిజమా?" అన్న ఒక్క ప్రశ్న చాలు. మనకు రెండోది కూడా కావాలి: "ఇది ఏ రాష్ట్రానిది?"

ఆంధ్రా పింఛను పెరిగిందని ఇక్కడి గ్రూపుల్లో అభినందనలు పంచుకుంటారు. తల్లుల ఖాతాల్లో డబ్బులు పడుతున్నాయని ఎవరో పెడితే బ్యాంకు ముందు లైను కడతారు. మరోపక్క ఒడిశాలో 2024 సెప్టెంబరు 17న మొదలైన సుభద్ర యోజన ఉంది. 21 నుంచి 60 ఏళ్ల మధ్య అర్హులైన మహిళలకు ఐదేళ్లలో 50,000 రూపాయలు, ఏడాదికి 10,000 చొప్పున రెండు విడతల్లో ఇచ్చే పథకం. దాని ఈకేవైసీ సంగతి తెలుగు గ్రూపులో ఎవరూ పెట్టరు. మీరు పెట్టండి. అదే మీ మొదటి పౌర సేవ అనుకోండి, కుర్చీలోంచి లేవకుండా అయిపోతుంది.

ఐదో అడుగు: ఒక్క సమస్య పట్టుకోండి

మొదటి కుప్పలోంచి ఒక్కటే ఎంచుకోండి. మూడు పట్టుకుంటే మూడూ జారిపోతాయి. ఉదాహరణకు నేను బడిలో తెలుగు టీచరు సంగతి తీసుకుంటాను. సరిహద్దు ఊళ్లలో అందరూ గొణిగేదీ, కాగితం మీద ఎవరూ పెట్టనిదీ అదే. గిడుగు రామమూర్తి పంతులు సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టింది మన పర్లాకిమిడిలోనే. ఆ ఊళ్లో తెలుగు పిల్లలకు తెలుగు కోసం అర్జీ పెట్టడానికి మనం మొహమాటపడటం ఏం బాగుంటుంది?

రాజ్యాంగం 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలంటుంది. అంతకు ముందే, 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం ఒప్పుకుంది: బడి మొత్తంలో ఆ భాష పిల్లలు 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఉంటే కనీసం ఒక టీచరును పెట్టాలి. అంటే మన పని ఉపన్యాసం కాదు, లెక్క. వీధి వీధీ తిరిగి పిల్లల పేరు, తరగతి, బడి, తల్లిదండ్రుల సంతకం రాయించుకోండి. రెండు సాయంత్రాలు నలుగురు తిరిగితే ఒక వార్డు అయిపోతుంది. "తెలుగుకు అన్యాయం జరుగుతోంది" అన్న పది పేజీల కన్నా ఆ పదిమంది పిల్లల జాబితాకే ఆఫీసులో విలువ ఎక్కువ.

ఆరో అడుగు: అర్జీ, ఆర్టీఐ

అర్జీ తెలుగులో ఇవ్వచ్చా? ఇవ్వచ్చు. 350వ అధికరణం ప్రకారం ఫిర్యాదు పరిష్కారం కోసం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా విన్నపం ఇచ్చుకునే హక్కు ఎవరికైనా ఉంది. హక్కు సరే, పని జరగాలంటే ఒడియా కాపీ కూడా జత చేయండి. కౌంటర్‌లో ఒడియా మర్యాద ప్రకారం "ఆజ్ఞా" అని పలకరించి, పైన ఒడియా కాపీ, కింద తెలుగు కాపీ పెట్టి ఇస్తే సగం చికాకు తగ్గుతుంది.

అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. ఎవరికి, ఎవరి నుంచి, ఏ ఊరు, సమస్య రెండు వాక్యాలు, మీరు కోరేది ఒక్క వాక్యం, జతపరిచిన కాగితాల వరస, తేదీ, ఫోన్ నంబరు. "దయతో తగు చర్య తీసుకోవలసిందిగా" అని వదిలేస్తే తగు చర్య ఏదో వాళ్లే తేల్చుకుంటారు. "ఈ విద్యా సంవత్సరం ఫలానా బడికి ఒక తెలుగు టీచరును కేటాయించాలి" అని రాయండి.

అర్జీ ఇచ్చేటప్పుడు మీ కాపీ మీద ఆఫీసు స్టాంపు, తేదీ, డైరీ నంబరు వేయించుకోండి. గుమాస్తా "పెట్టి వెళ్లండి, చూస్తాం" అంటాడు. నవ్వుతూనే కదలకుండా నిలబడండి. స్టాంపు లేని అర్జీ ఇవ్వని అర్జీతో సమానం. జిల్లాల్లో కలెక్టర్, ఎస్పీ కలిసి సాధారణంగా సోమవారాల్లో జరిపే ఉమ్మడి అభియోగ శుణాణికి, అంటే ఫిర్యాదులు వినే సభకు కూడా ఆ కాపీ పట్టుకెళ్లచ్చు. ఆన్‌లైన్‌లో అయితే జన శుణాణి పోర్టల్ ఉంది. అది ఇచ్చే నంబరు ఫోటో తీసి పెట్టుకోండి.

నెల దాటినా కదలకపోతే సమాచార హక్కు, అదే ఆర్టీఐ. ఇక్కడ భాష నియమం వేరు, చాలామంది తడబడేది ఇక్కడే. 2005 చట్టం ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. అంటే మనకు ఒడియా. రాయడం రానివాళ్లు నోటితో చెప్తే రాయడానికి సాయం చేయాల్సిన బాధ్యత ఆ సమాచార అధికారిదే. ఒడిశాలో ఫారం-ఎ నింపి, గుర్తింపు కాగితం జత చేసి, పది రూపాయల ఫీజు కట్టాలి. ప్రశ్నలు ఇలా ఉండాలి:

"మా బ్లాకులో తెలుగు బోధించే టీచర్ పోస్టులు మంజూరైనవి ఎన్ని? ఇప్పుడు ఖాళీగా ఉన్నవి ఎన్ని, ఏ తేదీ నుంచి? ఫలానా తేదీన డైరీ నంబరు ఫలానాతో ఇచ్చిన అర్జీ ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉంది? దాని మీద రాసిన నోట్ కాపీ ఇవ్వండి."

"ఎందుకు వేయలేదు?" అని అడగకండి. కాగితంలో ఉన్నదే వాళ్లు ఇవ్వాలి, కారణాలు కల్పించి చెప్పక్కర్లేదు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే, వచ్చింది నచ్చకపోతే, మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. పై ప్రశ్నల్లో మూడోదానికి జవాబు రాకముందే ఫైలు కదలడం మామూలే.

ఏడో అడుగు: పల్లి సభకు వెళ్లండి

పల్లెల్లో ఉన్నవాళ్లకు అర్జీ కన్నా ముందు పల్లి సభ, అంటే ఒడిశాలో ఊరి ఓటర్లంతా కూర్చునే సభ, ఉంది. "అక్కడ ఏముంటుందిలే, అన్నీ ముందే రాసుకుంటారు" అనేవాళ్లకు మన పక్కనే ఉన్న నియమగిరి సంగతి చెప్పండి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, బాక్సైట్ తవ్వకం సంగతి అక్కడి గ్రామసభల ముందు పెట్టమంది. ఆ జూలై, ఆగస్టుల్లో రాయగడ, కలహండి జిల్లాల కొండ ఊళ్లు పన్నెండింట్లో పల్లి సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. అవి గట్టిగా నిలబడిన ఊళ్లు కాబట్టి, కోర్టు వెనక ఉంది కాబట్టి అలా జరిగిందనచ్చు. నిజమే. అయినా చేతికొచ్చిన సభను వదులుకున్న ఊరికి ఏ కోర్టూ వెనక నిలబడదు.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక: తీర్మానాల పుస్తకం ఒడియాలో ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టకండి, వేలిముద్ర అసలే వేయకండి. పైకి చదివి వినిపించమని అడగండి. సంతకాల పైన ఖాళీ జాగా వదిలితే గీత కొట్టమనండి.

ఎనిమిదో అడుగు: ఓటు ఒక్క చోటే

ఇచ్ఛాపురంలో ఒకటి, బరంపురంలో ఒకటి ఓటు ఉన్నవాళ్లు దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. కొటియా లాంటి వివాదపు ఊళ్ల కథ వేరు, అక్కడి జనం రెండు రాష్ట్రాల మధ్య ఇరుక్కున్నారు. మామూలు ఇంట్లో మాత్రం రెండు చోట్ల పేరు ఉండటం చట్టం ఒప్పదు. ఉండేచోటే ఉంచుకోండి. కొత్త ఓటుకు ఫారం 6, చిరునామా మార్పుకూ తప్పుల దిద్దుబాటుకూ ఫారం 8. పద్దెనిమిది నిండినవాళ్లకు ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కే, ఏడాదంతా ఆగక్కర్లేదు. తెలుగు పేర్లు ఒడియా జాబితాలోకి ఎక్కేటప్పుడు ఇంటిపేర్లు వింతగా మారిపోతాయి. ఓసారి చూసుకోండి.

తొమ్మిదో అడుగు: కదిలిన పనుల పుస్తకం

మొదటి అడుగులో వాడిన నోటుబుక్కునే వెనక నుంచి తిప్పండి. అక్కడ కదిలినవే రాయాలి: కాలువ తీశారు, సుభద్రలో పక్కింటి వదిన పేరు ఎక్కింది, ఆర్టీఐ జవాబు వచ్చింది. మీరు చేసినవే కానక్కర్లేదు, జిల్లాలో ఎవరు చేసినా రాయండి. ఋషికుల్యా ముఖద్వారంలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లను కాపలా కాసే కుర్రాళ్ల గురించి కూడా రాయచ్చు. ఆ పేజీలోనే రెండో వైపూ రాయండి. తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఆ ఏడు నెలలూ గంజాం తీరంలో చేపలు పట్టే మన తెలుగు నోలియా కుటుంబాల పొయ్యి మీద దాని భారం పడుతుంది. ఆ నష్టానికి ఇచ్చే భృతి జాబితాలో వాళ్ల పేర్లు ఉన్నాయో లేదో చూడటం కూడా ఒక పనే. తీపి కబుర్లే రాసిన పుస్తకాన్ని నెల తిరిగేసరికి మీరే నమ్మరు.

ఇవన్నీ చేసినా నిద్ర పట్టకపోతే, వార్త వినగానే గుండె దడ మొదలైతే, అది వార్తల సంగతి కాదు, ఆరోగ్యం సంగతి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఏడాదికి సరిపడా తేదీలు

గోడ క్యాలెండర్ మీద ఇప్పుడే పెన్నుతో గుర్తు పెట్టుకోండి. జనవరిలో ఓటర్ల జాబితా. ఫిబ్రవరి దగ్గర పడగానే పల్లి సభ తేదీ కోసం పంచాయతీ నోటీసు బోర్డు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం, భృతి జాబితాలు చూసే కాలం. బడులు తెరిచేలోపు తెలుగు పిల్లల జాబితా బ్లాకు విద్యాధికారి ఆఫీసుకు చేరాలి, టీచర్ల సర్దుబాటు అయ్యాక ఇస్తే వచ్చే ఏడాది చూద్దామంటారు. సెప్టెంబరు చివర్లో దగ్గరి షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో, అక్కడ కుళాయి పని చేస్తోందో లేదో వెళ్లి చూసి రండి. పని చేయకపోతే అర్జీ రాయడం మీకు ఇప్పుడు వచ్చు, స్టాంపు వేయించుకోవడం మర్చిపోకండి.